పట్టీకెక్కని భాషకు పాఠశాల యెక్కడిది?

విద్యాసంవత్సరారంభమున ప్రతి పాఠశాల కార్యాలయమునందును తలిదండ్రుల చేతికి ఒక దరఖాస్తు కాగితము నిచ్చెదరు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తండ్రి వృత్తి, ఇంటి చిరునామా మొదలగు గళ్లతో పాటు అందు 'మాతృభాష' అను గడి యొకటి కలదు. తక్కిన గళ్లను ఒకటికి రెండుమారులు సరిచూచుకొను తలిదండ్రులు ఈ గడిని మాత్రము ఆలోచింపకయే నింపుచున్నారు. అవ్వ మొదలు పసిబిడ్డ వరకు ఇంటిల్లిపాదియు తెలుగే మాటాడు కుటుంబములవారు సైతము 'ఏది వ్రాసిన నేమి' యని గుమాస్తా యిష్టమునకు విడిచిపెట్టుచున్నారు. ఈ వారము మేము పాఠకులకు మనవి చేయదలచినది ఈ చిన్న గడిని గూర్చియే. తెలుగు బోధనకు ప్రభుత్వ సహాయము కావలెనని సభలలో తీర్మానించుట యొక యెత్తు. ఆ సహాయమునకు ఆధారమగు సంఖ్యను పట్టీలోని కెక్కించుట మరియొక యెత్తు. రెండవది లేక మొదటిది నిలువదు.

మనము ఈ నగరమునకు నిన్న మొన్న వచ్చినవారము కాము. చిన్నయసూరిగారు ఇచ్చటి ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా నుండి, 1853లో నీతిచంద్రికను వెలయించిరి. బ్రౌను దొరగారి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయినది ఈ పట్టణముననే. వావిళ్ల రామస్వామిశాస్త్రులవారి ముద్రణ వ్యవసాయము 1854 నుండి ఇచ్చటనే సాగి, తెలుగుదేశమంతటికిని గ్రంథములను పంచిపెట్టినది. 1908లో బొంబాయిలో పుట్టిన ఆంధ్రపత్రిక 1914లో చెన్నపట్టణమునకు తరలివచ్చి దినపత్రికయైనది. మన పేట ప్రక్కనే యున్న చాకలిపేటలో నేటికిని తమ పేర కళాశాల నడచుచున్న పిట్టి త్యాగరాయశెట్టిగారు తెలుగు దేవాంగ కుటుంబమువారు. వారు నగరసభాధ్యక్షులుగా నున్న కాలమున 1920లో నగరసభా పాఠశాలలోని బీదపిల్లలకు పగటిభోజనము పెట్టు పద్ధతి మొదలైనది. ఆ కార్యమును నేడు రాష్ట్రమంతయు తనదిగా చెప్పుకొనుచున్నది. అది సరియే, ఆ భోజనము తెలుగు పిల్లలకని పెట్టినది కాదు, ఆకలిగొన్న పిల్లలందరికిని పెట్టినది. ఈ నగరముతో మన సంబంధము అట్టిది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా నేర్పడినప్పుడు చెన్నపట్టణము మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. మన పెద్దలలో కొందరు ఉత్తరమునకు తరలిపోయిరి. మిక్కిలిమంది తమ అంగళ్లను, మగ్గములను, గుళ్లను, బంధువర్గమును విడువక తొండియార్‌పేట, కొరుక్కుపేట, రాయపురము, చాకలిపేటలలోనే నిలిచిరి. ఆ వివాదము ముగిసినది. దానిని తిరుగదోడుట మా యుద్దేశము కాదు, కారాదు. అయితే ఆ దినముతో మన స్థితి మారినదని మాత్రము గుర్తింపవలెను. అంతవరకు రాజధానిలో పెద్దభాషలలో నొకదానిని మాటాడువారముగా నున్న మనము ఆనాటినుండి భాషాల్పసంఖ్యాకులమైతిమి. 2011 జనగణన ప్రకారము తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42,34,302 మంది, అనగా నూటికి 5.87 వంతున ఉన్నారు. రాష్ట్రమున తమిళము తరువాత పెద్ద సంఖ్య మనదే. ఇంత సంఖ్య కలిగియు మన పిల్లలలో తెలుగు చదువను వ్రాయను నేర్చినవారు ఎందరని ఎవరింటిలో వారు లెక్క చూచుకొనిన చాలును.

చట్టము మనకు ఏమియు ఈయలేదని నిట్టూర్చువారు కలరు. అది సత్యము కాదు. భారత రాజ్యాంగపు 29వ అధికరణము ప్రత్యేకమైన భాష, లిపి, సంస్కృతి గల ప్రతి ప్రజావర్గమునకును వానిని కాపాడుకొను హక్కు నిచ్చినది. 30వ అధికరణము అల్పసంఖ్యాకులు తమ యిష్టానుసారము విద్యాలయములను స్థాపించి నడపుకొనవచ్చునని చెప్పినది. 1956లో, రాష్ట్రముల పునర్విభజన సందర్భమున, ఏడవ సవరణ ద్వారా 350-ఏ, 350-బీ అధికరణములు చేర్పబడినవి. మొదటిదాని ప్రకారము భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ఆ రాష్ట్రమునందలి ప్రతి స్థానికసంస్థయు ప్రయత్నింపవలెను. స్థానికసంస్థ యన్న మాటను మన పాఠకులు మరువరాదు. మనకు అది చెన్నై నగరసభయే. రెండవదాని ప్రకారము భాషాల్పసంఖ్యాకుల రక్షణలను విచారించి రాష్ట్రపతికి నివేదించుటకు ప్రత్యేకాధికారి యొకరు నియమింపబడవలెను. ఆ కార్యాలయము 1957 నుండి నడచుచున్నది. దాని నివేదికలు పార్లమెంటు ముందుంచబడును.

ఐతే 'ప్రయత్నింపవలెను' అను మాట వ్యాపారి యొప్పుకొన్న హుండీవంటిది కాదు. గడువునాడు సొమ్ము చెల్లింపక తప్పదన్న నిర్బంధము అందు లేదు. అందువలన ఆ ప్రయత్నము ఎప్పుడు, ఎవరికి, ఎంతమందికి అను కొలత కావలసివచ్చినది. రాజ్యాంగము అమలులోనికి రాకమునుపే, 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము ఆ కొలతను నిర్ణయించినది. ఒక పాఠశాల మొత్తమున 40 మందికాని, ఒక తరగతిలో 10 మందికాని ఆ భాష పిల్లలున్నయెడల కనీసము ఒక ఉపాధ్యాయుని నియమించి వారికి మాతృభాషలో బోధింపవలెను. 1956లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన రక్షణల పత్రమునందును ఈ కొలతయే నిలిచినది. తరువాతి కాలమున దీనికి రెండు ఏర్పాట్లు చేరినవి. విద్యాసంవత్సరమునకు ముందుగనే అల్పసంఖ్యాక భాషల పిల్లల పేర్లను ఒక పట్టీలో నమోదు చేయుట మొదటిది. ఒక పాఠశాలలో సంఖ్య చాలనిచో సమీపమునందలి వేరొక పాఠశాలలోని పిల్లలతో కూర్చి సరిపెట్టుట రెండవది.

పాఠకమహాశయులు ఇచ్చట కొంచెము ఆగి ఆలోచింపవలెను. ప్రభుత్వ సహాయమునకు పునాది కవిత్వము కాదు, ప్రాచీనత కాదు, మన ప్రసంగములును కావు. పది, నలుబది అను రెండు అంకెలు. తరగతిలో పదకొండుగురు తెలుగు పిల్లలుండి, వారిలో నలుగురి తలిదండ్రులు 'మాతృభాష' గడిలో మరియొకటి వ్రాయించినచో, కార్యాలయమునకు కనబడునది ఏడుగురే. ఆ ఏడుగురికి ఉపాధ్యాయుని నియమింపనక్కరలేదని అధికారి వ్రాసిన యెడల అతనిని తప్పుపట్టుట కష్టము. అంగడిలో చిట్టా కెక్కని సొమ్ము ఆవర్జా కెక్కదు. ఆవర్జా కెక్కనిది బాకీగా నిలువదు. పాఠశాల లెక్కయు ఇట్టిదే.

ఇక వర్తమాన స్థితిని చూతము. 2006కు పూర్వము తమిళనాటి పాఠశాలలలో మొదటి భాగపు భాషగా తెలుగు పిల్లలు తెలుగును చదువుటకు వీలుండెను. ఆ సంవత్సరము వచ్చిన తమిళ అభ్యసన చట్టము ఒకటవ తరగతి మొదలు పదవ తరగతి వరకు తమిళమును మొదటి భాగముగా నిర్బంధము చేసినది. 2006–07లో ఒకటవ తరగతితో మొదలై ఏటికొక తరగతి చొప్పున పైకి ప్రాకి, 2015–16లో అది పదవ తరగతిని చేరినది. రెండవ భాగము ఇంగ్లీషు. మూడవ భాగము గణితము, విజ్ఞానము, సాంఘికశాస్త్రము. తమిళముగాని ఇంగ్లీషుగాని మాతృభాష కానివారు తమ భాషను నాలుగవ భాగమున ఐచ్ఛికముగా చదువుకొనవచ్చును. అప్పటినుండి పదవ తరగతి పిల్లలకు తమిళ పరీక్షనుండి మినహాయింపు కోరుచు భాషాల్పసంఖ్యాకుల పక్షమున వ్యాజ్యములు నడచినవి. మద్రాసు ఉన్నతన్యాయస్థానము కొన్ని సంవత్సరములకు మినహాయింపుల నిచ్చినది. 2023 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు మరియొక సంవత్సరమునకు పొడిగించినది.

మినహాయింపు వలన ఆ యేటి పిల్లవాడు గట్టెక్కెను, సంతోషము. కాని మినహాయింపు చదువు కాదు. పరీక్షకు కొన్ని వారముల ముందు కోర్టు తీర్పునకై ఎదురుచూచు పిల్లవాని మనస్సు ఎట్లుండునో తలిదండ్రులకు చెప్పనక్కరలేదు. అంతకన్న ముఖ్యమైన హాని మరియొకటి కలదు. ఈ వ్యాజ్యముల వలన మనము తమిళమునకు విరోధులమను అపోహ ప్రబలుటకు అవకాశము కలిగినది. ఈ సందర్భమున సంఘపు అభిప్రాయమును స్పష్టముగా చెప్పుచున్నాము. తమిళనాట పుట్టి, తమిళనాట బ్రతుకుచు, ఇచ్చటి సంతలలో అమ్మి కొనుచు, ఇచ్చటి ఆస్పత్రులలోను కచేరీలలోను పని చక్కబెట్టుకొనువారికి తమిళము చదువ వ్రాయ వచ్చుట అవసరము, మర్యాద, లాభము. ప్రాంతభాషను అల్పసంఖ్యాకుల పాఠశాలలలో సైతము బోధింపుమని రాష్ట్రము కోరవచ్చునని సుప్రీంకోర్టు 2004లో మహారాష్ట్రకు సంబంధించిన వ్యాజ్యమున చెప్పియున్నది. ఈ నియమముతో మాకు పోట్లాట లేదు. తమిళము వచ్చుట న్యాయము. తెలుగు పోవుట అన్యాయము. మొదటిదానికి రెండవది మూల్యము కానక్కరలేదు.

నిజమైన చిక్కు 'ఐచ్ఛికము' అను మాటలో నున్నది. ఉత్తీర్ణతకు లెక్కకురాని పాఠమును ఎవరు శ్రద్ధగా చదువుదురు? ఎవరు శ్రద్ధగా చెప్పుదురు? కాలపట్టికలో దానికి చివరి గంట దక్కును. వాన వచ్చినను, ఆటల పోటీ వచ్చినను మొదట రద్దగునది ఆ గంటయే. పంతులుగారు ఉద్యోగవిరమణ పొందినచో ఆ స్థానమును నింపుటకు తొందర యుండదు. పంతులు లేని పాఠమును పిల్లలు విడిచెదరు. పిల్లలు విడిచిన పాఠమునకు పంతులు అక్కరలేదని దస్త్రమున వ్రాసెదరు. ఒక భాష పాఠశాలనుండి నిష్క్రమించుటకు నిషేధాజ్ఞ అవసరము లేదు. ఈ గానుగ తిరిగిన చాలును. ఇటీవల ప్రభుత్వము ఈ విషయమున ఒక అడుగు ముందుకు వేసినది. 2024–25 విద్యాసంవత్సరమునుండి పదవ తరగతిలో అల్పసంఖ్యాక భాషల పరీక్షకును 35 మార్కులను ఉత్తీర్ణతా పరిమితిగా నిర్ణయించినది. ఇది స్వాగతింపదగినది. పాఠమునకు విలువ కలిగింపవలెనన్న మన విన్నపము అసంగతము కాదని దీనివలన తేలినది.

తమిళ సోదరులకు మన కోరిక అర్థము కాకుండునని మేము తలపము. తమ భాషపై మరియొక భాష రుద్దబడునన్న భయముతో 1965లో ఈ రాష్ట్రము ఎంత ఉద్రిక్తమైనదో లోకము ఎరుగును. సింగపూరులో తమిళము అధికారభాషలలో నొకటి. మలేషియాలో ప్రభుత్వ సహాయముతో తమిళ పాఠశాలలు నడచుచున్నవి. అచ్చటి తమిళులు ఆ దేశభాషను నేర్చుకొనుచునే తమ భాషను నిలుపుకొన్నందుకు ఇచ్చట అందరును హర్షింతురు, మేమును హర్షింతుము. కౌలాలంపూరులో న్యాయమైనది కొరుక్కుపేటలో అన్యాయము కాజాలదు. ఇదే మాటను మన తెలుగు రాష్ట్రములకును చెప్పవలసియున్నది. తెలంగాణ 2018లో తెలుగు బోధనను పాఠశాలలలో నిర్బంధము చేయుచు చట్టము చేసినది. చిత్తూరు ప్రాంతమున తరతరములుగా తమిళ కుటుంబములు కలవు. వారి పిల్లలకు తమిళ ఉపాధ్యాయుని, పుస్తకమును సమకూర్చుట తెలుగు ప్రభుత్వముల ధర్మము. అచ్చట తమిళమునకు జరుగు ఆదరణయే ఇచ్చట మన కోరికకు ఉత్తమమైన సిఫారసు.

ప్రభుత్వము చిన్న భాషకు తోడ్పడుట క్రొత్త వింత కాదు. ఇందుకు మంచి యుదాహరణ ఈ నగరమునుండియే కలదు. గిడుగు రామమూర్తిపంతులుగారు పర్లాకిమిడిలో నుండగా కొండలలోని సవరల భాషను నేర్చిరి. లిపి లేని ఆ భాషకు వాచకములు, వ్యాకరణము, నిఘంటువు సిద్ధపరచిరి. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని పాఠశాలలను నెలకొల్పిరి. వారి సవర భాషా వ్యాకరణమును 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువును 1938లోను మద్రాసు ప్రభుత్వమే అచ్చొత్తించినది. ఏ రాజ్యము లేని, ఏ పత్రిక లేని, ఏ ధనబలము లేని కొండజాతి భాషకు ప్రభుత్వ ముద్రణాలయము తలుపు తెరచినది. అయితే ముందుగా ఒక మనుష్యుడు ఏండ్లతరబడి పని చేసి గ్రంథమును చేతికందించెను. సహాయము తరువాత వచ్చినది. ఈ వరుసను మనము గుర్తుంచుకొనవలెను. నేటికిని నీలగిరులలో తోడ, ఇరుళ మొదలగు భాషలవారు కలరు; మధురలో సౌరాష్ట్రభాష మాటాడువారు కలరు. వారి వెనుక ఏ రాష్ట్రమును లేదు. మన వెనుక రెండు రాష్ట్రములు, అచ్చు పుస్తకములు, పత్రికలు, సినిమాలు కలవు. ఇంత బలగము కలిగి మనమే భాషను నిలుపుకొనలేకున్నచో అట్టివారికి ఏమి ధైర్యము చెప్పగలము?

ఐక్యరాజ్యసమితి 2022 మొదలు 2032 వరకు గల కాలమును మూలవాసుల భాషల దశాబ్దిగా ప్రకటించినది. ఆ భాషలవారి యనుభవమున మనకు పనికివచ్చు పాఠము కలదు. న్యూజిలాండులో మావోరీ భాష ముసలివారి నోటనే మిగిలి, పిల్లలకు అందక పోవుచుండగా, 1982లో ఆ జాతి పెద్దలు పసిపిల్లలను చేర్చుకొని రోజంతయు తమ భాషయే మాటాడు బాలవాడులను మొదలిడిరి. వానికి 'భాషా గూళ్లు' అని యర్థమిచ్చు పేరు పెట్టిరి. ఐదేండ్లకు, 1987లో, అచ్చటి పార్లమెంటు మావోరీని అధికారభాషగా చేయుచు చట్టము చేసినది. దక్షిణాఫ్రికా స్థితి వేరు. 1996 నాటి ఆ దేశపు రాజ్యాంగమున ఆదరింపవలసిన భాషలలో తెలుగు పేరెత్తి చెప్పబడినది. అది మనకు గర్వకారణమే. కాని రాజ్యాంగమున పేరు కలిగినంత మాత్రమున చెరకుతోటల కూలీలుగా పోయినవారి మునిమనుమలకు తెలుగు చదువుట రాలేదు. మారిషసులో ప్రాథమిక పాఠశాలలలో ప్రభుత్వ ఉపాధ్యాయులు తెలుగు చెప్పుచున్నారు. పేరుతో పాటు పంతులు నున్నాడు గనుక అచ్చట పిల్లలకు అక్షరములు వచ్చుచున్నవి.

మనకును ఇట్టి వ్యత్యాసమే కనబడుచున్నది. 2008లో తెలుగునకు ప్రాచీనభాషగా గుర్తింపు లభించినది. ఆ పేర ఏర్పడిన పరిశోధన కేంద్రము నెల్లూరిలో పనిచేయుచున్నది. శాసనములు, తాళపత్రములు వెలుగులోనికి వచ్చుట మంచిదే. కాని తొండియార్‌పేటలో ఒకటవ తరగతి పిల్లవానికి ఓనమాలు దిద్దించు పంతులు ఆ గుర్తింపు వలన రాడు. అందుచేత మన కోరికలు సామాన్యములై, కొలువదగినవై యుండవలెను. ప్రభుత్వమునకు, నగరసభకు సంఘము పక్షమున ఈ క్రింది విన్నపములను చేయుచున్నాము.

మొదటిది, ప్రతి సంవత్సరము చేరికలకు ముందుగా ఉత్తర చెన్నైలోని నగరసభా పాఠశాలలలోను, ప్రభుత్వ సహాయము పొందు పాఠశాలలలోను తెలుగు పిల్లల నమోదు పట్టీని తెరచి, ఆ సంగతిని తెలుగులో ప్రకటించి పాఠశాల గోడకు అంటింపవలెను. రెండవది, ఒక పాఠశాలలో సంఖ్య చాలనిచో రెండు మూడు పాఠశాలలకు కలిపి ఒక తెలుగు ఉపాధ్యాయుని నియమింపవలెను. తొండియార్‌పేట, కొరుక్కుపేట, చాకలిపేట పాఠశాలల నడుమ దూరము అట్టి యేర్పాటునకు అడ్డుకాదు. మూడవది, తెలుగు ఉపాధ్యాయుని స్థానము ఖాళీయైనచో ఆ విద్యాసంవత్సరములోనే నింపవలెను. నాలుగవది, మాతృభాషా పరీక్ష మార్కును తక్కిన పాఠముల మార్కులతో సమముగా మొత్తమునందును, పై చదువుల చేరికలయందును లెక్కింపవలెను. ఐదవది, రాష్ట్ర పాఠ్యపుస్తక సంస్థ అచ్చొత్తించు తెలుగు పుస్తకములు తమిళ, ఇంగ్లీషు పుస్తకములతో పాటు బడి తెరచిన దినముననే పిల్లల చేతికి అందవలెను. ఆరవది, ఇంట తమిళము లేని పిల్లలకు మొదటి రెండు తరగతులలో తమిళమును తెలుగు తెలిసిన ఉపాధ్యాయునిచేత చెప్పించవలెను. అప్పుడు తమిళమును బాగుగా వచ్చును, మినహాయింపుల గొడవయు తగ్గును.

వీనిలో ఏదియు ఖజానాను ఖాళీచేయు కోరిక కాదు. ఏదియు తమిళమునకు ఒక గంటనైనను తగ్గించునది కాదు.

ఇక మన కర్తవ్యము. నగరసభా తెలుగు పాఠశాలలలో నేడు చదువుచున్న పిల్లలు ఎవరని విచారించిన, చాలవరకు పారిశుద్ధ్య కార్మికుల, దినకూలీల, చిన్నపనులవారి బిడ్డలని తెలియును. ఈ నగరపు వీథులను శుభ్రపరచు ఆది ఆంధ్ర కుటుంబముల చిన్నారులే మన భాషకు బడిలో చోటు నిలుపుచున్నారు. సంపన్నులైన తెలుగు గృహస్థుల పిల్లలు తెలుగు గంటయే లేని విద్యాలయములకు పోవుచున్నారు. సభలలో తెలుగును గూర్చి ప్రసంగము చేయువారు ఒకరు, తెలుగు తరగతిని బ్రతికించువారు మరియొకరు! ఇది సంఘమునకు శోభ కాదు. ఖరీదైన పాఠశాలలో బిడ్డను చేర్చవద్దని మేము చెప్పము. అచ్చట పదిమంది తెలుగు తలిదండ్రులు కలసి తెలుగును ఐచ్ఛికముగా చెప్పింపుడని యాజమాన్యమునకు వ్రాతమూలముగా అడుగవచ్చును. రుసుము చెల్లించువారి పది సంతకములను ఏ యాజమాన్యమును తేలికగా త్రోసివేయదు. అట్లే నగరసభా పాఠశాలలోని తెలుగు పిల్లలకు నోటుపుస్తకములు, సాయంకాలపు తరగతి, చదువులో ముందున్నవారికి బహుమతి మొదలగునవి సమకూర్చుట మన వర్తకుల చేతిలోని పని. కులము, వీథి, వృత్తి భేదములు విడిచి, తెలుగు తరగతిలో కూర్చున్న ప్రతి బిడ్డయు మన బిడ్డయని తలపవలెను.

'తెలుగు చదివిన ఉద్యోగము వచ్చునా?' అని ప్రశ్నించువారు కలరు. తెలుగునాటనే ఇంగ్లీషు మాధ్యమమునకు ప్రాధాన్యము పెరుగుచున్నదని వారు చూపుదురు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో పాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును నిర్బంధము చేయబూనుట నిజమే. 2020 ఏప్రిలులో అచ్చటి హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేయుటయు నిజమే. మేము అడుగుచున్నది మాధ్యమమును మార్చుమని కాదు. దినమున కొక్క గంట. ఆ గంట వలన ఇంగ్లీషునకు నష్టము లేదు. లాభమో, నెల్లూరు బియ్యము, గుంటూరు మిరపకాయ, గోదావరి బెల్లము తెప్పించుకొను అంగడివారిని అడిగిన చెప్పుదురు. అవతలివానితో అతని భాషలో మాటాడి, అతని చీటీని చదివి, అతనికి జాబు వ్రాయగలవాని బేరము వేరు.

బేరముకన్న పెద్దదియు ఒకటి కలదు. మన యిండ్ల పెట్టెలలో తాతలనాటి దస్తావేజులు, ఖాతాపుస్తకములు, పెండ్లి శుభలేఖలు, కాశీయాత్ర జాబులు, అవ్వలు వ్రాసుకొన్న పాటల పుస్తకములు ఉన్నవి. తెలుగు మాటాడవచ్చి తెలుగు చదువరాని మనుమడు వానిని తెరచి చూచి, మూసి, తూకమునకు అమ్మివేయును. మాట ఒక్కటియే మిగిలిన భాష రెండుతరములు నిలుచును. మూడవతరమున వంటింటిలో నాలుగు పదములుగా మిగులును. అక్షరము తోడైన భాషయే ఇంటి ఆస్తిని తరువాతివారికి అప్పగించును.

పట్టీ మాట వచ్చినది గనుక మరియొక పట్టీని గూర్చియు చెప్పవలెను. 2027 మార్చి 1 ప్రమాణదినముగా జనగణన జరుపుటకు కేంద్రప్రభుత్వము 2025 జూన్ 16న ప్రకటన చేసినది. జనగణనలో మాతృభాష యనగా బాల్యమున తల్లి బిడ్డతో మాటాడిన భాష. ఇంటి పెద్ద చెప్పినదే వ్రాసికొందురు. ఇరుగుపొరుగువారు ఏమనుకొందురో యనికాని, తమిళము బాగుగా వచ్చును గదా యనికాని వేరొకటి చెప్పనక్కరలేదు. వచ్చిన ఇతర భాషలను చెప్పుటకు వేరుగా చోటున్నది. సత్యము చెప్పుట ఎవరిపైనను పోటీ కాదు.

ఈ విషయమున సంఘపు కార్యవర్గము వీథికొకరు చొప్పున కార్యకర్తలను నియమించి, పాఠశాలలో చేరు వయస్సుగల తెలుగు పిల్లల పేర్లను వ్రాసికొని, ఏ పాఠశాలకు ఎందరు చేరుచున్నారో తేల్చి, ఆ జాబితాను విద్యాధికారులకు అందజేయవలెనని మేము సూచించుచున్నాము. ఒక పాఠశాలలో ఏడుగురు, ప్రక్కదానిలో ఐదుగురు ఉన్నచో వారిని ఒకచోట చేర్చుమని అడుగుటకు అప్పుడు ఆధారముండును. అధికారులు నిరాకరించిన యెడల భాషాల్పసంఖ్యాకుల కమిషనరునకు వ్రాయుటకును ఆ జాబితాయే సాక్ష్యము. సంఖ్య లేని ఆవేదనకు ఓదార్పు దొరకును. సంఖ్య గల విన్నపమునకు జవాబు దొరకును.

అడుగుట మన హక్కు. అడుగుటకు ముందు లెక్క సిద్ధపరచుట మన పని. ఈ యేడు తొండియార్‌పేటలో బడిలో చేరు ప్రతి తెలుగు బిడ్డ పేరు ఎదుట 'తెలుగు' అను మూడక్షరములు తప్పక పడునట్లు ప్రతి కుటుంబమును చూచుకొనుగాక!